డెకా తెలియని ప్రోగ్రామ్

హంగరీలోని పేచ్ నగరంలో ఆ మధ్యాహ్నం కుండపోత వాన. ఫిజిక్స్ చెప్పే ఎమెషె టీచర్ గొడుగైనా దులపకుండా జిల్లా పరీక్షల ఆఫీసులోకి దూసుకొచ్చింది.

"పోటీ పేపర్లు దిద్దిన మహానుభావుడు ఎవరండీ?"

"దిద్దింది ప్రోగ్రామండీ. దాన్ని రాసిన పాపం నాది," అంటూ లేచాడు కిటికీ పక్కన కూర్చున్న విల్మోష్.

"ఆపిల్ బరువెంత అంటే మా పిల్లలు ఇరవై డెకా అని రాశారు. రెండొందల గ్రాములే కదా! అందరికీ సున్నానా? సాయంత్రం ఇవే మార్కులతో రిజల్ట్స్ వస్తే మా బడి నుంచి ఒక్కరూ ఫైనల్‌కి వెళ్లరు!"

"ఉండండుండండి, అది యూనిట్లు మార్చుకోగలదు." స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. "ఇతను 0.2 కిలోలన్నాడు, ఫుల్ మార్కులు. ఈ అమ్మాయి 198 గ్రాములంది, తూకంలో ఆ మాత్రం తేడా సహజం, ఫుల్. ఇతను యూనిట్ మరిచాడు, సగం."

ఎమెషె కోపం సగం దిగిపోయింది. ఇంత ఓపిగ్గా తనైనా ఎప్పుడు దిద్దింది గనక!

"బాగానే ఉంది. మరి డెకా?"

విల్మోష్ యూనిట్ల పట్టిక తెరిచాడు. కిందికీ పైకీ వెతికాడు. మొహం పాలిపోయింది.

"పట్టిక బయటి దేశం నుంచి తెచ్చానండీ. అక్కడ డెకా వాడుకలో లేదు."

"కొట్లో సలామీ మాంసం కొనేటప్పుడు మీరేమని అడుగుతారు?"

"పది డెకా ఇవ్వమని," అన్నాడు నసుగుతూ.

ఎమెషె పకపకా నవ్వేసింది. హంగరీలో పుట్టి పది గ్రాముల డెకాని మరిచిపోయిన మనిషిని ఇప్పుడే చూస్తోంది మరి.

"ఇప్పుడే చేరుస్తాను. కానీ మీ బడికొక్కదానికే కాదు, జిల్లా అంతా మళ్లీ దిద్దాలి."

ఆమె నవ్వు ఆగిపోయింది. "మిగతా బళ్లకీ పెరుగుతాయిగా. మావాళ్లు వెనకే ఉండిపోతే?"

"ఉండిపోవచ్చు. మీ పిల్లలకి జరిగిన అన్యాయమే వాళ్లకీ జరిగింది కదండీ."

ఎమెషె కుర్చీ లాక్కుని కూర్చుంటూ, "కానివ్వండి," అంది.

ముందుగా అతను అన్ని బళ్లకీ మెయిల్ పెట్టాడు. అందులో రాసింది ఇంతే: పొరపాటు పిల్లలది కాదు, నాది. ఇట్లు, విల్మోష్.

"పైవాళ్లు ఊరుకుంటారా?"

"చీవాట్లు పెడతారు. తప్పు నాదైతే పిల్లలెందుకు పడాలి?"

అబ్బ, ఎంత మంచివాడు! తగువు పెట్టుకుందామని వచ్చిన ఎమెషెకి అతని మీద నుంచి చూపు తిప్పుకోవడమే కష్టమైపోయింది. వాన వెలిసిన సంగతి కూడా గమనించలేదు.

డెకా చేర్చి మళ్లీ దిద్దించగానే కొత్త జాబితా తెరమీద పడింది. ఆమె బడి నుంచి ఇద్దరు ఫైనల్‌కి! సంతోషం పట్టలేక అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది. తర్వాత వదలడం మరిచిపోయింది.

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. అమ్మ కోడి సూప్ చేస్తుంది. పిలిచేది అమ్మ కాదు, నేను. మీరు నాకు నచ్చారు."

ఇంతసేపు గలగలా మాట్లాడినవాడు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"జవాబు ఖాళీగా వదిలేస్తే సున్నా వేస్తానండోయ్!"

"వస్తాను, వస్తాను!" అన్నాడు విల్మోష్ కంగారుగా, ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంటూ.