తిప్పి కట్టిన తీగలు

పొద్దున ఏడైంది. మామగారు వంటింటి అలమర ముందు చతికిలబడి తలుపు స్క్రూలు బిగిస్తున్నాడు. ఆ తలుపు బాగానే ఉంది. నిన్న కూడా బాగానే ఉంది. మొన్న ఆయనే బిగించాడు కూడా.

"ఏవయ్యా, ఆ తలుపేం పాపం చేసింది?" అంది అత్తగారు టీ వడకడుతూ. "ఇంకో చుట్టు తిప్పావంటే ఆ స్క్రూ పక్కింటివాళ్ళ గదిలో తేలుతుంది."

"కిర్రుమంటోంది."

"తలుపు కాదు, నీ మోకాళ్ళు."

నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన మనిషి. పని మానేసి రెండేళ్ళయింది. కానీ ఆ సంగతి చేతులకి ఎవరూ చెప్పలేదు. కుర్చీ కాళ్ళన్నీ సరిచేశాడు. కిటికీలన్నీ చిత్రిక పట్టాడు. ఇక చెయ్యడానికేం లేక, చేసిందే మళ్ళీ చేస్తున్నాడు.

కోడలు కూడా అంతే. ఒక చోట నిలవదు. ఆ పొద్దున దుప్పటి మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. ఆస్పత్రిలో చేతికి వ్యాయామం చేయిస్తారు, పదింటికి రమ్మన్నారు. ఏడింటికే చెప్పులేసుకుని గుమ్మం దగ్గరికీ బాల్కనీ దగ్గరికీ తిరుగుతోంది.

మూణ్ణెల్ల కిందట అట్టపెట్టెలు చేసే కార్ఖానాలో ఆమె ఎడమ చేతి మీద మిషను పడింది. నడిమి వేలు, ఉంగరం వేలు పై కణుపు దాకా పోయాయి. మిగతా వేళ్ళకి ఏం కాలేదు.

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో వేళ్ళ మాట ఎవరూ ఎత్తరు. ఎవరూ ఒట్టు పెట్టుకోలేదు, అలా అయిపోయిందంతే. కొడుకు బస్సు డ్రైవరు. డ్యూటీకి బయలుదేరేటప్పుడు "డాక్టరు బాగానే ఉందన్నాడుగా" అంటాడు. పెళ్ళాం "ఆఁ" అంటుంది, ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుంటుంది. అత్తగారు ఆమె చేతిలో కత్తి కనబడితే లాగేసుకుని "నువ్వు కూర్చోమ్మా, నే తరుగుతా" అంటుంది. అంతే. అంతకు మించి ఒక్క మాట ఉండదు.

ముందుగదిలో మూల ఒక ఎర్ర గిటారు ఉంది. కరెంటు గిటారు. కొట్లో ఉన్నవాటిల్లో అన్నిటికంటే చవకది. నాలుగేళ్ళ కిందట కోడలు దాన్ని మోసుకొచ్చిన రోజు మామగారు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది చేసినవాడు ఎవడో గానీ, వాడికి అన్నం పెట్టకుండా చేయించినట్టున్నారు" అన్నాడు.

నిజంగానే అలా ఉండేది. మెడ మీద అడ్డంగా ఉండే ఇనప కమ్మీల కొసలు అరచేతిని గీరేవి. తీగల్ని బిగించే మరలు నిలబడేవి కావు. మామగారు వాటికి చెవులని పేరు పెట్టాడు. ఒక పాట అయ్యేలోపు చెవులన్నీ వదులైపోయేవి. వైరు పెడితే లోపల తేనెటీగలున్నట్టు గుయ్యిమనేది.

ఇద్దరూ కూర్చుని దాన్ని మనిషిని చేశారు. కమ్మీల కొసలకి ఆకురాయి ఎలా పట్టాలో మామగారు చూపించాడు. కోడలు పట్టింది. కార్ఖానాలో ఎలక్ట్రీషియను దగ్గర నేర్చుకొచ్చి ఆమె వైర్లు అతికింది. లోపలి గుంటకి రాగి రేకు పరిచింది. గుయ్యి ఆగింది. కొత్త చెవులు వేశారు. వాటి కోసం బెజ్జాలు పెద్దవి చెయ్యాల్సొస్తే మామగారు డ్రిల్లు వద్దన్నాడు, గుండ్రటి ఆకురాయితో నెమ్మదిగా తిప్పించాడు. మెడ చివర తీగలు ఆనే చిన్న ముక్క ఒకటుంటుంది, దువ్వెనలాగా. ప్లాస్టిక్‌ది అరిగిపోతే ఎముకతో కొత్తది చెక్కుకున్నారు. ఏ పని చేసినా ఇద్దరూ కలిసే చేశారు. "మావయ్యా, ఇటు చూడండి", "అమ్మాయ్, కాస్త ఆగు", ఇవే మాటలు రోజంతా.

"దీనికి చేసిన సేవ నా మోకాళ్ళకి చేసుంటే ఈపాటికి పరుగులు తీసేదాన్ని" అనేది అత్తగారు. కానీ ఆదివారాలు కోడలు వాయిస్తుంటే వంటింట్లో గిన్నె చప్పుడు కాకుండా కడిగేది.

ఈ మూణ్ణెల్లూ ఆ గిటారు అలాగే నిలబడి ఉంది. అది అలా నిలబడి ఉంటే మామగారికి కుదురు లేదు. తీగని నొక్కేది ఎడమ చెయ్యి. మీటేది కుడి చెయ్యి. నొక్కాలంటే వేలి కొసలు కావాలి. మీటడానికి మాత్రం బొటనవేలూ చూపుడువేలూ చాలు. ఒకరోజు స్నానాలగదిలో గడియ పెట్టుకుని, ఒక అట్టముక్క ఎడమ చేతి రెండు వేళ్ళతో పట్టుకుని గాల్లో ఊపి చూసుకున్నాడు. సరిపోతుంది. అంటే గిటారుని తిప్పేయాలి. తీగలు తలకిందులుగా కట్టాలి. నొక్కే పని కుడి చేతికి, మీటే పని ఎడమ చేతికి.

అడుగుదామని నాలుగుసార్లు ఆమె దగ్గరికి వెళ్ళాడు. అడగాలంటే వేళ్ళ మాట ఎత్తాలి. "టీ తాగుతావా అమ్మా" అని అడిగి వచ్చేశాడు నాలుగుసార్లూ.

ఆ పొద్దున కోడలు మెట్లు దిగిందో లేదో, మామగారు పనిముట్ల పెట్టె తీశాడు.

"ఏం చేస్తున్నావ్?" అంది అత్తగారు.

"నువ్వు చూడకు."

"ఆ పిల్లని అడిగావా?"

"నేనే చెప్తా తర్వాత."

తీగలు విప్పాడు. ఎముక దువ్వెనని మెల్లగా తట్టి ఊడదీశాడు. దాని గాట్లు లావు తీగకి ఒక పక్క, సన్న తీగకి ఇంకో పక్క ఉంటాయి. తిప్పి కడితే అది పనికిరాదు. అందుకని వారం కిందటే ఇంకోటి చెక్కి చొక్కా జేబులో దాచుకున్నాడు. అది అతికించాడు. భుజం పట్టీ తగిలించే మేకుని మెడకి అటుపక్క కొమ్ములాగా పొడుచుకొచ్చిన చోటికి మార్చాడు. మధ్యాహ్నం అయ్యేసరికి తీగలన్నీ తిప్పి కట్టేశాడు. గరుకు కాగితంతో ఒకచోట రుద్దాడు, గుడ్డతో తుడిచాడు. చూసుకుంటే ముచ్చటగానే ఉంది. పెళ్ళిచూపులకి తయారైనవాడిలాగా కుర్చీ గోడకి ఆనించుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

కోడలు మూడింటికి వచ్చింది. కొడుకూ అప్పుడే డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు. ఆమె గది దాటుతూ గిటారు వంక చూసింది. ఆగిపోయింది.

"మావయ్యా, ఇదేంటి?"

"తిప్పానమ్మా."

"ఏం తిప్పారు?"

"తీగలు. అటువైపు పట్టుకుని వాయించొచ్చు ఇప్పుడు. నేను లెక్క చూశాను, కుడి చేత్తో నొక్కితే..."

"ఎందుకు తిప్పారు?"

మామగారు గుడ్డ తీసుకుని, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"చెప్పండి. ఎందుకు తిప్పారు?"

"ఎడమ చెయ్యి మీటడానికి సరిపోతుందని."

"అంటే నొక్కడానికి పనికిరాదని. అంతేగా? మీరే తేల్చేశారా?" ఆమె గొంతు పెరిగింది. "మీరిద్దరూ కూరగాయలకి వెళ్ళిన ప్రతిసారీ నేను తలుపేసుకుని వాయిస్తున్నాను, తెలుసా? దర్జీవాళ్ళు వేలికి పెట్టుకునే ఇనప టోపీలు తెచ్చుకున్నాను. వేళ్ళకి తొడుక్కుని నొక్కుతున్నాను. ఇంకో నెలైతే వచ్చేసేది నాకు!"

"నాకు తెలియదమ్మా..."

"అడిగితేగా తెలిసేది!"

కొడుకు ఒంటి బూటుతో లేచాడు. "ఊరుకో, నాన్న మంచికే చేశాడు. డాక్టరు కూడా బాగానే..."

"డాక్టరు ఏమన్నాడో మీకేం తెలుసు? ఒక్కసారైనా లోపలికొచ్చారా? బయట బస్సు హారను కొట్టినట్టు రోజూ అదే మాట!"

కొడుకు మళ్ళీ కూర్చున్నాడు.

"అప్పటికీ అన్నాను, ఆ పిల్లని అడిగావా అని" అంది అత్తగారు మొగుడితో. "నోరు మాత్రం కట్టేసుకుంటావు. ఆ చేతులు కట్టేసుకోరాదూ?"

"ఎలా ఉండేదో అలా పెట్టండి" అంది కోడలు. "ఇప్పుడే. నా ముందర."

మామగారు వెంటనే లేచాడు. పెట్టె తెచ్చుకున్నాడు. కట్టిన తీగలన్నీ విప్పాడు. తను చెక్కిన ముక్క తట్టి తీశాడు, పాతది జిగురు పెట్టి అతికించాడు. జిగురు ఆరడానికి గంట పడుతుంది.

ఆ గంట గడవలేదు. కోడలు బాల్కనీలోకి వెళ్తుంది, వస్తుంది. కొడుకు టీవీ పెట్టాడు, తీసేశాడు, మళ్ళీ పెట్టాడు. అత్తగారు కడిగిన గ్లాసులే కడిగింది. మామగారు పట్టీ మేకు పాత చోటికి మార్చి, కొత్తగా పడిన బెజ్జంలో చిన్న చెక్క బిరడా కొట్టాడు. అది నున్నగా అయ్యేదాకా రుద్దాడు. అయ్యాక కూడా రుద్దాడు.

గంటయ్యాక తీగలు పాత వరసలో కట్టి ఆమె చేతికిచ్చాడు.

కోడలు గిటారు ఒళ్ళో పెట్టుకుంది. జేబులోంచి రెండు ఇనప టోపీలు తీసి ఆ రెండు వేళ్ళకి తొడుక్కుంది. వైరు తగిలించి స్పీకరు పెట్టె మీట నొక్కింది. అత్తింటివాళ్ళ ముందు మూణ్ణెల్లలో మొదటిసారి ఆ చెయ్యి బయటపెట్టింది.

నొక్కింది. టోపీ తీగ మీద నిలవలేదు, జారింది. ఠక్కుమంది. మళ్ళీ నొక్కింది. గొంతు పట్టేసినవాడు పిలిచినట్టు ఒక చప్పుడొచ్చి ఆగిపోయింది. టోపీలు తీసి పక్కన పడేసింది. ఉట్టి వేళ్ళతోనే నొక్కింది. మొహం ముడుచుకుపోయింది. అయినా వదల్లేదు, పెదవి కొరుక్కుంటూ ఇంకోసారి, ఇంకోసారి. ప్రతి ఆదివారం వాయించే పాటే. మొదటి నాలుగు స్వరాలు కూడా రాలేదు.

కొడుకు లేవబోయాడు. అత్తగారు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

కోడలు ఆగింది. ఎడమ చెయ్యి తిప్పి, ఎవరిదో వస్తువు చూసినట్టు చూసుకుంది.

"రావు" అంది. "ఇక రావు. నెలైనా అంతే, ఏడాదైనా అంతే. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఇలాగే వచ్చేది. నాకు తెలుసు. రెండు వేళ్ళు పోయాయి నాకు."

ఆ మాట ఆ ఇంట్లో పైకి అన్నది అదే మొదటిసారి. అత్తగారు కొంగుతో మొహం కప్పుకుని భోరుమంది. కొడుకు వచ్చి పెళ్ళాం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఈసారి డాక్టరు మాట ఎత్తలేదు. అదే మంచిదైంది.

కాసేపటికి కోడలు ముక్కు తుడుచుకుంది. "మావయ్యా, ఆ చిన్న సుత్తీ ఉలీ ఇటివ్వండి. మీరు చెక్కిన ముక్క కూడా."

"నేను చేస్తానమ్మా, ఒక్క పది నిమిషాలు..."

"వద్దు. నేను తిప్పుతాను. మీరు ముట్టుకోకండి."

మామగారు జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. ఆమె తీగలు విప్పి, పాత ముక్క ఊడదీయడానికి ఎడమ చేతి రెండు వేళ్ళ మధ్య ఉలి పట్టుకుంది. అది పక్కకి జారి ఎర్ర రంగు మీద ఒక గీత పడింది. మామగారి చేతులు వాటంతటవే లేచాయి. అత్తగారు చూసింది.

"వాటి మీద కూర్చో" అంది.

నిజంగానే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, బడిలో దండన పడ్డ పిల్లాడిలాగా. కోడలు ఏడుస్తూనే నవ్వింది. జిగురు పెట్టేటప్పుడు ఎక్కువైంది, తుడిచింది. ముక్క వంకరగా పడింది, సరిచేసింది. ఆయనకైతే పది నిమిషాల పని. ఆమెకి పొద్దుగూకిపోయింది. జిగురు ఆరాక మొగుడు ఒక్కొక్క తీగ అందిస్తుంటే, ఆమె కట్టి చెవులు తిప్పింది. మధ్యలో ఒకటి తెగింది. "నా తప్పే" అన్నాడు మొగుడు. "నీ తప్పేం లేదు, నేనే ఎక్కువ మెలిపెట్టాను" అంది. కంగారులో 'మీరు' అనడం మర్చిపోయింది, అతనికి అది బాగానే ఉంది.

అన్నీ కట్టాక గిటారుని అటువైపు తిప్పి పట్టుకుంది. మెడ కుడిచేతి వైపొచ్చింది. మీటే రేకు ఎడమ బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టుకుంది. అది నిలబడింది. కుడి చేతి వేళ్ళతో ఒక తీగ నొక్కి మీటింది.

స్వరం వచ్చింది. సన్నగా, కొంచెం వంకరగా, కానీ పూర్తిగా. తర్వాతది తప్పు తీగ మీద పడింది. దాని తర్వాతది కూడా. నాలుగేళ్ళు నేర్చుకున్నదంతా పోయి, మొదటి రోజుకి వచ్చింది. వేళ్ళు ఎక్కడ పెట్టాలో మనసుకి తెలుసు, చేతికి తెలియదు. రెండు స్వరాలు, తప్పు, మళ్ళీ మొదటికి. మూడు స్వరాలు, తప్పు, మళ్ళీ మొదటికి.

మామగారు ఇంకా చేతుల మీదే కూర్చుని ఉన్నాడు.

"అమ్మాయ్" అన్నాడు.

"ఊఁ."

"ఒకటి అడగనా?"

ఆమె మీటడం ఆపింది.

"ఆ వేళ్ళు... నొప్పిగా ఉంటాయా?"

కోడలు ఆయన వంక చూసింది. మూణ్ణెల్లలో ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదు.

"ఉంటాయి మావయ్యా" అంది. "లేని చోట కూడా నొప్పి పుడుతుంది. పొద్దున్నే లేవగానే చాలా ఉంటుంది. చలిగా ఉంటే ఇంకా ఎక్కువ. ఏదైనా పట్టుకోబోతే ఆ రెండూ ఉన్నాయనే అనుకుంటాను. గ్లాసు జారిపోతుంది, అప్పుడు గుర్తొస్తుంది. మొన్న గ్లాసు పగిలితే పిల్లి పడేసిందని మీకు చెప్పాను చూడండి..."

"మనింట్లో పిల్లి ఎక్కడిదే?" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

"అదే మరి. ఎవరూ అడగలేదు."

ఇక ఆమె చెబుతూనే ఉంది. మిషను పడ్డప్పటి చప్పుడు, ఆస్పత్రిలో పక్క మంచం ఆవిడ, రాత్రిళ్ళు భయం, అన్నీ. మధ్యలో ఏడ్చింది, ముక్కు చీదుకుంది, మళ్ళీ చెప్పింది. ముగ్గురూ కదలకుండా విన్నారు. టీ పొయ్యి మీద పొంగిపోయింది, ఎవరూ లేవలేదు. ఆ రోజు ఆ ఇంట్లో మనుషులు అంతసేపు ఒకే చోట కూర్చోవడం అదే మొదటిసారి.

చెప్పడం అయ్యాక, ఆమె మళ్ళీ గిటారు ఎత్తుకుంది. నాలుగో స్వరం దొరకడానికి ఇంకా చాలాసేపు పట్టింది.