చింతపిక్కల క్లాసు

పొద్దున ఎనిమిదవుతోంది. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడిపే జయకుమార్ వారం తర్వాత కోసిగి దగ్గరి సొంతూరికి వచ్చాడు. బొరుగుల ఉగ్గాని పళ్లెం ముందు పెట్టుకుని, మూడో తరగతి చదివే కూతురు స్తుతిని పిలిచాడు.

"ఏడో ఎక్కం చెప్పు."

"ఏడొకట్ల ఏడు... ఏడు రెళ్లు..." పాప గొంతు అక్కడే ఆగిపోయింది.

జయకుమార్ పళ్లెం పక్కకు తోసి భార్య వైపు తిరిగాడు. "చూసినావా సువార్తా? నా చెల్లెలు నేర్పిన సదువు ఇదీ! ఈ పొద్దే టీసీ తీసుకుంటా. సోమవారం నుంచి ఆదోని కాన్వెంటుకు పోతాది."

ఆ చెల్లెలు రెజీనా బడికి బయల్దేరుతూ గడపలో నిలబడిపోయింది. ఊరి బడికి టీచరు ఆమే.

"అన్నా, మా బడిలో ఉండేదే పద్దెనిమిది మంది. టీచరు మేనకోడల్నే తీసేస్తే రేపు ఎవరు నిలుస్తారు?"

"నీ బడి కోసం నా బిడ్డను బలియ్యాల్నా? ఎప్పుడు చూసినా చింతపిక్కలు, గవ్వలు, బంకమట్టి! ఆడుకునేకి బడెందుకు, ఈది చాలదా?"

"అది ఉత్త ఆట కాదన్నా..."

"నాకు చెప్పొద్దు. సదువు లేకుంటే బతుకెట్లుంటాదో నాకు తెలుసు."

రెజీనా స్తుతి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

"ఏమీ తినకుండానే పోయింది. తోడబుట్టినదాంతో అట్లనా మాట్లాడేది?" అంది సువార్త.

పదిన్నరకు జయకుమార్ టీసీ కోసం బడికి వెళ్లాడు. గదిలో నవ్వులు వినిపించి వాకిట్లోనే ఆగాడు. పిల్లలు నేల మీద చింతపిక్కలు పేర్చుకుంటున్నారు. స్తుతి పక్కనున్న పాపకు చెబుతోంది.

"ఒక్కొక్కటీ ఎంచొద్దే. వరసకు ఆరు ఉండాయి గదా? అయిదు వరసలు ముప్పై. ఇంకా రెండు వరసలకు పన్నెండు. అంతా నలభై రెండు!"

జయకుమార్ ఒక అడుగు ముందుకేశాడు. పొద్దున తన ముందు నోరు మెదపని పిల్లేనా ఇది?

అప్పుడే స్తుతి తలెత్తి చూసింది. నవ్వు ఆరిపోయింది. రెండు చేతులూ గబుక్కున వెనక్కి దాచుకుంది.

"చేతులెందుకమ్మా దాస్తాండావు?" రెజీనా దగ్గరికి తీసుకుని చూసింది. వేళ్ల కణుపుల మీద నల్లగా కమిలిన గీత.

"తలుపు సందులో నలిగిందంటివి గదా! ఎవరు కొట్టినారు?"

"నాయన. పోయినసారి వచ్చినప్పుడు... స్కేలుతో."

రెజీనా అన్న దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది.

"అయిదో తరగతిలో ఎక్కం రాలేదని సారు నిన్ను ఇట్లనే కొట్టినారు గదా అన్నా. ఆ పొద్దు బడి ఇడిసిపెట్టి పోయినోడివి మళ్లా రాలేదు. నేను పక్క గదిలో ఒకటో తరగతి. నీ ఏడుపు నాకు ఇనపడింది. నా క్లాసులో ఏ బిడ్డా అట్ల ఏడవగూడదనే నేను టీచరైనా."

జయకుమార్ గోడకు ఆనుకున్నాడు. టీసీ సంగతి వదిలేశాడు. వెళ్లి కూతురి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"తప్పు చేసినా తల్లీ. ఇంకెప్పుడూ కొట్టను."

స్తుతి అత్త ముఖం చూసింది, తండ్రి ముఖం చూసింది. తర్వాత అడిగింది.

"నాయనా, నీకు పదమూడో ఎక్కం వస్తాదా?"

"రాదమ్మా."

"అయితే వరసకు పదమూడు పెట్టు. నేను చెప్తా."

స్టీరింగు పట్టి మొద్దుబారిన వేళ్లతో అతను పిక్కలు పేర్చసాగాడు. మూడో వరసకే కళ్లలో నీళ్లు నిండి లెక్క తప్పింది. చెయ్యి ఆగిపోయింది.

"తప్పయితే మళ్లా పెట్టుకోవచ్చు నాయనా," అంది స్తుతి, అతని చెయ్యి మీద చెయ్యి వేసి. "ఈడ ఎవరూ ఏమీ అనరు."