మూడో వరసలో ఆగే పియానో

“భయ్యా, నిజం చెప్పండి. దయ్యాన్ని కూడా కలిపే అమ్ముతున్నారా?”

గొడుగు మూయకుండానే గుమ్మంలోంచి అడిగింది ఎలీసబెతు. దీవుల్లో ఉత్తరాన ఉన్న మాయాబందర్ స్కూల్లో టీచరు. అక్కడి తెలుగు చర్చి కోసం సెకండ్ హ్యాండ్ డిజిటల్ పియానో వెతుక్కుంటూ ఓడరేవు ఊళ్లోని షాదీపూర్ దాకా వచ్చింది.

యేసురాజు నవ్వలేకపోయాడు. “కరెంటు పోయి వస్తే దానంతటదే వాయిస్తుందండి. ముందే చెప్పేస్తున్నా. కొనడానికొచ్చిన ముగ్గురు పారిపోయారు.”

“ఎనిమిదో క్లాసుకి లెక్కలు చెప్తా. నన్ను భయపెట్టడం ముష్కిల్!”

పియానో అతని భార్యది. చర్చి హాల్లో పాఠాలు చెప్పేది. అతను ఓడ డ్యూటీలో ఉండి ఆ పాఠాలు ఒక్కటీ వినలేదు. ఆమె పోయి మూడేళ్లు. పియానో ఇంటికొచ్చింది. మొన్నటి వానల నుంచి ఈ మోత. విన్న రోజు నిద్ర పట్టదు. వినని రోజు అన్నం సయించదు. అందుకే అమ్మేయాలనుకున్నాడు. అమ్మితే ఆమె చప్పుడు ఇక ఇంట్లో ఉండదని తెలిసే.

ఫ్యాను ఆగింది. మధ్యాహ్నమే గది చీకటయింది. కప్పులోంచి నీళ్లు కారుతుంటే, ఎవరూ చెప్పకుండానే ఎలీసబెతు బకెట్టు జరిపి పెట్టింది.

ఫ్యాను మళ్లీ తిరిగింది.

పియానో మీటలు కదల్లేదు. లోపలినుంచి బరువైన స్వరాలు మొదలయ్యాయి. పాట కాదు, పాట కింద నడిచే అడుగులు. పాట మూడో వరసలో హఠాత్తుగా ఆగాయి. బకెట్లో రెండు చుక్కలు పడ్డాయి. అడుగులు మళ్లీ సాగాయి.

“ప్రతిసారీ అక్కడే ఆగుతుంది,” అన్నాడు. “పోయిన మా ఆవిడ ప్రేమావతి ఏదో అడగబోయి ఆగినట్టు.”

ఆమె చేతిలోంచి గొడుగు జారింది. “ప్రేమా మేడమా!”

“మీకు తెలుసా?”

“ఇక్కడ బీఎడ్ చదివేటప్పుడు ఆరు నెలలు నేర్పారు. ఎడమ చెయ్యి తను రికార్డు చేసేవారు, దానిమీద మేం కుడి చెయ్యి వాయించాలి. మూడో వరసలో నా బొటనవేలు తడబడేది. ‘నీకోసం ఆగుతాలే’ అన్నారు.” ఆమె కళ్లు తుడుచుకుంది. “అది నాకోసం ఆగడం, భయ్యా.”

హెయిర్‌పిన్నుతో రికార్డింగు వినిపించే బటన్ పైకి లేపింది. “ఉప్పుగాలికి నొక్కినట్టే ఇరుక్కుంది, కరెంటు రాగానే మోగుతోంది. ఇదే మీ దయ్యం.”

బటన్ నొక్కి, కుడి చేత్తో కలిసింది. మూడో వరసలో వేలు తడబడింది. ఎడమ చెయ్యి ఆగింది. మొట్టమొదటిసారి యేసురాజుకి పాట మొత్తం వినబడింది.

“నేను తీసుకెళ్లలేను. మీ దగ్గరే ఉండనీండి.”

“వద్దండీ. కుడి చెయ్యి ఉన్న చోటే ఉండాలి.”

“అయితే ఆదివారం మా చర్చికి రావాలి. ఓడ డ్యూటీ అని బహానా చెప్పకూడదు.”

“వస్తే ఎక్కడ కూర్చోవాలి?”

“పేజీలు తిప్పడానికి మనిషి కావాలి. నా పక్కన.”

సిగ్గుపడి అతను వంగి ప్లగ్గు పీకాడు. వైరు చుట్టసాగాడు.

అప్పుడు పియానోలో ఒక్క స్వరం పలికింది. మూడో వరసలో ఆగే ముందు వచ్చే స్వరం.

ప్లగ్గు అతని చేతిలోనే ఉంది.

ఎలీసబెతు మెల్లగా అతని పక్కకొచ్చి నిలబడింది.

“యేసురాజు గారూ,” అంది. ఈసారి భయ్యా అనలేదు. “కంగారు పడకండి. మేడమ్ మనకోసం ఆగారంతే.”