తొమ్మిదిన్నర ఫైల్

"మేడం, ఫైల్ పంపిన. చూసుకోండ్రి."

"చూసిన. మార్చి అయిదుది అడిగితే మే మూడుది పంపిండ్రు. మాకింక మే నెల రాలే. మీ భూపాలపల్లిల అప్పుడే వచ్చిందా?"

వరుణ్‌కూ తనూజకూ మధ్య నడిచిన మొదటి మాటలివి. తేదీ రాసేటప్పుడు అతను నెలను ముందు పెట్టాడు. ఆమె రిపోర్టింగ్ టూల్ దాన్ని రోజు అనుకుంది. తప్పు మీదంటే మీదని ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. ఫోన్ పెట్టేశాక వరుణ్‌కు కోపం రాలేదు సరికదా, ఈ ఊరికొచ్చిన మూడు నెలల్లో తనతో ఒక మనిషి అంతసేపు మాట్లాడటం ఇదే మొదటిసారని గుర్తొచ్చింది.

అతనిది లింగాల ఘనపూర్. ఇంటర్నెట్ కంపెనీ తెచ్చి భూపాలపల్లిలో ఒక్క గదిలో, మానిటరింగ్ మిషన్ ముందు కూర్చోబెట్టింది. ఏ లైన్లో ఏ గంటకు ఎంత ట్రాఫిక్ నడిచిందో ఆ మిషన్ పట్టి ఫైల్‌గా దాస్తుంది. ఆ ఫైల్‌ను రోజూ తొమ్మిదిన్నరకు, అందరూ మానుకోట అనే మహబూబాబాద్ ఆఫీసుకు పంపాలి. అక్కడ తనూజ దాన్ని తన టూల్లో ఎక్కించి, రిపోర్టు తీసి, జనగామలోని మేనేజర్ జయపాల్‌కు పంపుతుంది.

తెర మీద గీతలు లేచినప్పుడల్లా ఊరంతా ఎవరితోనో మాట్లాడుతోందని వరుణ్‌కు తెలిసిపోయేది. తన ఫోన్ మాత్రం మోగేది కాదు. పక్క గదుల్లో బొగ్గు గనిలో రాత్రి డ్యూటీల వాళ్లు. అతను లేచేసరికి వాళ్లు నిద్రలో ఉండేవాళ్లు. మెస్సులో పప్పు, చారు అనే రెండు మాటలతో భోజనం అయిపోయేది. మిగిలింది తొమ్మిదిన్నర ఫోన్ ఒక్కటే.

"ఫైల్ చేరిందా మేడం?"

"చేరింది. వాన పడుతుందా మీకాడ?"

"దంచుతుంది."

"మాకాడ మబ్బే లేదు. జర ఫైల్‌తోని కలిపి పంపుండ్రి."

గొంతు తప్ప మనిషిని చూడలేదు. అయినా ఆ గొంతు జలుబు చేసినప్పుడు ఎలా ఉంటుందో, నవ్వు ఆపుకున్నప్పుడు ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. ఒకరోజు ఆమె అంది: "మీ ఫైల్ కోసం మా ఊరు దంతాలపల్లిల ఫస్ట్ బస్సు ఎక్కుతున్న. తినేటందుకు టైమే ఉంటలేదు. ఒకటే ఆకలి."

జూలైలో జయపాల్ ఫోన్ చేశాడు. "వరుణ్, నీ మిషన్‌ను మానుకోట టూల్‌తోని కలిపెయ్యి. ఫైల్ దానంతట అదే పోవాలె. నడుమ మనుషులెందుకు?"

గంట పని. వరుణ్ నాలుగు రోజులు నాన్చాడు. కుదరదని చెప్పేద్దామా అని కూడా అనుకున్నాడు. ఆమె తినకుండా బస్సెక్కే సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. శుక్రవారం కూర్చుని కలిపేసి, ఆమెకు మెసేజ్ పెట్టాడు: సోమవారం సంది ఫైల్ అదే వస్తది, నిమ్మళంగ తిని రండ్రి.

"సరే" అని జవాబు వచ్చింది. ఇంకేమైనా వస్తుందేమోనని సాయంత్రం దాకా చూశాడు.

సోమవారం ఫైల్ పోయింది. మంగళవారం పోయింది. వరుణ్ ఫోన్ తీసి, ఏమని చేయాలో తోచక పెట్టేశాడు. మాట్లాడే మనిషి లేక గురువారానికి అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. ఆమె మీద మనసు పడిందని ఒప్పుకుంటే, తన చేతులతో తాను ఏం పోగొట్టుకున్నాడో కూడా ఒప్పుకోవాలి. అందుకే దిగులుగా ఊరుకున్నాడు.

శుక్రవారం తొమ్మిదిన్నరకు తెర మీద ఎర్ర గీత కనిపించింది. ఫైల్ పోలేదు. నిమిషంలో ఫోన్ మోగింది.

"వరుణ్ గారూ, ఇయ్యాల ఫైల్ రాలే," అంది తనూజ.

"చూస్త మేడం, లైన్ల ఉండుండ్రి."

లైన్ బాగుంది. మిషన్ బాగుంది. అవతలి టూల్లో ఫైల్ తీసుకునే ఆప్షన్‌ను మాత్రం తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి ఎవరో ఆపేశారు. పక్కనే పేరుంది.

"మేడం," అన్నాడు వరుణ్ మెల్లగా, "అది ఆపింది మీరే."



"అది గూడ కనబడతదా?"

"పేరుతో సహా."

"కనబడనీ. నేను ఆకలైతుందన్న, ఫోన్ వద్దన్ననా? మిషన్లను కలిపేటప్పుడు నన్నొక మాట అడిగిండ్రా?"

"మీకు తక్లీఫ్ తప్పుతదనుకున్న."

"కడుపునిండ తిని వచ్చి, నాలుగొద్దుల సంది ఫోన్ దిక్కు చూసుకుంట కూసున్న. గిది తక్లీఫ్ గాదా?"

"నాకు ఈ ఊళ్లె మీరొక్కరే తనూజా. మీరు కూసునేది మానుకోటల అయినా సరే. మీరంటే నాకిష్టం. ఆదివారం దంతాలపల్లికి రానా?"

"రండ్రి. మా బాపు గూడ ఉంటడు."

"ఆయన ఏమంటడో."

"ఏమంటడు, నా మొకం జూసి రోజూ అడుగుతుండు. ఆ ఫైల్ పిలగానితోని కొట్లాడినవా బిడ్డా అని." ఆమె నవ్వింది. "ఇగ ఆన్ చేస్తున్న. చేస్తే ఫోన్ పెట్టేస్తరా?"

"పెట్టను."

ఫైల్ అరనిమిషంలో చేరింది. ఇద్దరిలో ఎవరూ దాని వైపు చూడలేదు. పదకొండయినా రిపోర్టు రాకపోయేసరికి జయపాల్ ముందు మహబూబాబాద్‌కు, తర్వాత భూపాలపల్లికి ఫోన్ చేశాడు. రెండు ఫోన్లూ బిజీగానే ఉన్నాయి.