అడగకుండా తీసుకున్న రాగం

పొద్దున ఏడున్నరకు సూర్యాపేటలోని ఆ వీధి కుక్కర్ల కూతలతో, నల్లా దగ్గర బిందెల చప్పుడుతో తన పనిలో తానుంది. మంజుల ఒక చేత్తో ఉప్మా కలుపుతూ, రెండో చేత్తో నిన్న కుట్టిన జాకెట్టుకు హుక్కులు సరిగ్గా పడ్డాయో లేదో తడిమి చూసుకుంటోంది. తొమ్మిదింటికల్లా జాకెట్టు అందకపోతే కుట్టమన్న టీచరమ్మ బడి మానేసి వాకిట్లోనే కూర్చునే రకం. గడప పక్కన అత్తగారు బాలమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ, ఎప్పటిలాగే పెదవులు కదపకుండా గొంతులోనే సన్నగా రాగం తీస్తోంది. మంజుల ఈ ఇంటికి కోడలిగా వచ్చి పాతికేళ్లు. ఆ రాగం ఆమెకు గోడ గడియారం చప్పుడులా అలవాటైపోయింది.

“అమ్మా, అన్నీ తీసేసిన్రే!” అంటూ కూతురు లాస్య ఫోన్ పట్టుకుని లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

ఇరవై మూడేళ్ల లాస్య డిగ్రీ అయ్యాక ‘పని ముచ్చట’ అని ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది. బస్సు కండక్టరమ్మ, దవాఖానలో ఆయమ్మ, మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు, ఇలా కష్టం చేసుకునేవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల కథ వాళ్ల నోటితోనే చెప్పించి నెట్‌లో పెడుతుంది. మొదట్లో యాభై మంది వినేవారు, ఏడాది తిరిగేసరికి నాలుగు వేలయ్యారు. ప్రతి ముచ్చట మొదట్లో ఒక సినిమా పాట ముక్క వేసేది. పది సెకన్ల లోపైతే ఎవరూ ఏమీ అనరని ఎవరో చెబితే నమ్మింది. పాట హక్కులున్న కంపెనీ మాత్రం ఊరుకోలేదు. పదకొండు ముచ్చట్లు ఒక్క పొద్దులో మాయమయ్యాయి.

“పది సెకన్లకే గింత పరేషానా?” అంది మంజుల.

“పదైనా ఒకటైనా ఎవరి పాట వాళ్లదే అమ్మా. ఇంకోసారి గిట్లయితే నా పాడ్‌కాస్టే ఖతం.”

రైస్ మిల్లులో మిషన్ ఆపరేటరైన మంజుల భర్త సంపత్ డ్యూటీకి చొక్కా వేసుకుంటూ, “పాట లేకుంటే ఏమైతది? చెప్పేది ముచ్చటే గద” అన్నాడు.

“ముందుగాల రాగం ఇనపడితేనే మనిషి కూసుంటడు నాన్నా.”

ఆ రోజు నుంచి ఇంట్లో పాటల వేట మొదలైంది. లాస్య వెతికి వినిపిస్తుంటే మంజుల కుట్టుమిషన్ తొక్కుతూ వినేది. పైన పెద్ద అక్షరాలతో ఉచితం అనే ఉంటుంది, కిందికి పోతే షరతులు బయటపడతాయి. ఒకదానికి కట్టినవాడి పేరు చెప్పాలి. ఒకదాన్ని ఎక్కడా కత్తిరించకూడదు. ఇంకొకదాన్ని వ్యాపార ప్రకటన ఉన్నచోట వాడకూడదు. చివరికి పోలండ్‌లో ఉండే ఒకాయన వాయించిన పియానో ముక్క తల్లీకూతుళ్లిద్దరికీ నచ్చింది. లాస్య ఆయనకు ఇంగ్లిషులో ఉత్తరం రాసి అనుమతి అడిగింది. ఎనిమిది రోజులు ఇద్దరూ పరీక్ష ఫలితం కోసం చూసినట్టు చూశారు. తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. మీ పని మంచిది, కానీ మీ ముచ్చట్ల మధ్యలో చీరల దుకాణం ప్రకటన ఉంది కాబట్టి ఇవ్వలేను, ఏమనుకోకండి అని.

“మర్యాదగ చెప్పిండు. కాదన్నంక ఇడిసిపెట్టాలె. ఆయన పాట, ఆయనిష్టం” అంది మంజుల.

ఆ మాట అన్న నోటితోనే ఇంకో మాట కూడా అంది. “మీ నానమ్మ బియ్యమేరుకుంట తీస్తది సూడు, ఆ రాగం నా ఫోన్ల ఉంది. మొన్న ఎండాకాలం ఊకెనే రికార్డు చేసిన.”

లాస్య విన్నది. మాటల్లేవు, ఉత్త రాగమే. ఎక్కడో కింద మొదలై, పైకి పోబోయి, పోలేక వంగి వచ్చే రాగం. లాస్య మళ్లీ మొదటి నుంచి పెట్టి విన్నది.

“అమ్మా, ఇది జానపదమే! దీనికి ఓనర్ అంటూ ఎవరుండరు. కాపీరైట్ లేదు. ఎవర్నీ అడిగే పనే లేదు.”

“మనింటి పాటకు మనం ఎవర్ని అడుగుతం?” అని మంజుల నవ్వింది.

బాలమ్మ అప్పుడు గడప అవతలే ఉంది. చాట చెరుగుతోంది.

ముచ్చట్ల మొదట్లో ఆ రాగం బాగా కుదిరింది. వినేవాళ్లు పదివేలు దాటారు. నెట్‌లో ఇంతమంది తమ పాటలు ఉచితంగా పెడుతున్నారు కదా, తానూ ఒకటి ఇవ్వాలని లాస్యకు మంచి బుద్ధి పుట్టింది. పాటలు పంచుకునే ఒక సైటులో ఆ రాగం పెట్టి, ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు, పేరు చెబితే చాలు అని రాసింది. పేరు అని ఉన్నచోట ‘పని ముచ్చట’ అని నింపింది. బాలమ్మ పేరు రాయాలని తల్లికీ తట్టలేదు, కూతురికీ తట్టలేదు. డెబ్భై మూడేళ్ల బాలమ్మకు వినికిడి కొంచెం తక్కువ, ఫోన్ జోలికి ఎప్పుడూ పోదు. రెండు నెలలు ఆమెకు ఏమీ తెలియలేదు.

తెలిసింది కోదాడలో. సంపత్ చిన్నాన్న కొడుకు గోవర్ధన్ తన కూతురికి ఓణీల ఫంక్షన్ చేస్తున్నాడు. హాలు నిండా జనం. వేదిక పక్కన పెద్ద తెర మీద ఆ పిల్ల పొలం గట్ల మీద నడుస్తున్న వీడియో వేశారు. బాలమ్మ గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని వేదిక మెట్లెక్కుతోంది. అంతలో ఆ పెద్ద స్పీకర్లలోంచి ఆమె గొంతు వచ్చింది. దాని కింద దడదడమని డీజే దరువు. కుర్రకారు ఈలలు వేస్తూ గంతులు మొదలుపెట్టారు.

బాలమ్మ మెట్టు మీదే నిలబడిపోయింది. ఒక్క క్షణం తన గొంతే తాను పట్టుకుని చూసుకుంది. తర్వాత గుప్పిట్లోని అక్షింతలు తిరిగి పళ్లెంలో పోసేసి, వెనక్కి తిరిగి దిగిపోయింది.

గోవర్ధన్ భార్య రాజేశ్వరి ఎదురొచ్చింది. “ఏంటి పెద్దత్తయ్యా, అమ్మాయిని దీవించకుండానే వెళ్ళిపోతున్నారు?”

“శోకం మోగుతుంటే పిల్ల మీద అక్షింతలెట్ల ఏస్త బిడ్డా? ముందుగాల అది ఆపమను.”

“శోకమేంటండీ! మిర్యాలగూడ ఎడిటర్ పెట్టాడు, అందరికీ నచ్చిన పాటంట.” రాజేశ్వరి ముఖం మాడిపోయింది. శుభమా అని పిలిస్తే ఈ మాటలేంటని పక్కవాళ్లు గుసగుసలాడారు. మంజుల గబగబా అత్తగారి వెనకే బయటికి నడిచింది.

సూర్యాపేటలో బాలమ్మ అందరికంటే ముందే బస్సు దిగింది. ఇంట్లోకి వచ్చాక చెప్పులైనా విడవకుండా అడిగింది.

“నా గొంతు ఆ డబ్బాలల్లకు ఎట్ల పోయింది?”

లాస్య తల వంచుకుని జరిగింది చెప్పింది. సంపత్ కూతురి మీదికి లేచాడు. “నలుగుర్ల ఇజ్జత్ తీసినవ్ గద! ముసలి మనిషి గొంతుతోని ఆటలా నీకు?”

“దాన్నేమనకు” అంది మంజుల. “రికార్డు చేసింది నేను. తీసి దాని చేతుల పెట్టింది నేను.”

బాలమ్మ కోడలి వైపు చూసింది. కోపంగా చూసినా మంజుల తట్టుకునేదే. “నన్నొక మాట అడగాలని నీకు అనిపియ్యలేదా మంజులా?”

“జానపదం అనుకున్నం నానమ్మా” అంది లాస్య. “ఎవరు కట్టిన్రో తెల్వని పాటకు ఎవర్నీ అడగక్కర్లేదు. చట్టం గూడ గదే అంటది.”

“తెల్వకపోవుడేంది? కట్టినదాన్ని నేను గీడనే ఉన్న గద బిడ్డా. అడిగితే చెప్పకపోదునా?”

ఆమె గోడకు ఆనుకుని కూలబడింది. ఎవరి వైపూ చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది.

“సంపత్ పుట్టక ముందుగాల నాకొక ఆడపిల్ల. పోచమ్మ. పోచీ అని పిలుస్తుంటిమి. ఆ యేడు తిరుమలగిరి దిక్కు వానల్లేవు. హాలియా కాడికి నాట్లకు పోయినం. ఐదేండ్ల పిల్ల, జెరం పట్టుకున్నది. దవాఖానకు పోత అంటే, ఇంకొక్క మడి ఉంది, ఏసి పో అన్నడు మేస్త్రి. ఏసి ఒడ్డు మీదికొచ్చేసరికి సల్లబడ్డది. గాడనే కాలువ పక్కన పెట్టొచ్చినం. ఫొటో లేదు. దాని గుడ్డ ముక్కన్న లేదు. నడిసొస్తుంటే నా గొంతులకెళ్లి గా రాగమొచ్చింది.”

బాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“దీపం పెట్టే ఇంట్ల శోకం పెట్టొద్దంటరు. గందుకే మాటలు లోపల్నే అనుకుంట, రాగమొక్కటి బయటికి ఇడుస్త. గట్ల నేను దానితోని మాట్లాడుత. యాభై ఏండ్ల సంది మాట్లాడుతున్న. ఇగ ఎట్ల మాట్లాడాలె? నోరు తెరిస్తే ఆ దరువే యాదికొస్తది.”

సంపత్ తల్లి ముందు చతికిలబడ్డాడు. “నాకొక అక్క ఉండెనా అమ్మా?” అన్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా తల్లి మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు.

తర్వాత నాలుగు రోజులు బాలమ్మ బియ్యం ఏరింది, తిన్నది, పడుకుంది. రాగం మాత్రం తీయలేదు. పాతికేళ్లు పట్టించుకోని ఆ చప్పుడు ఆగిపోయాక ఇల్లంతా దాని కోసమే చెవులు రిక్కించినట్టుంది. కుట్టుమిషన్ ముందు కూర్చున్న మంజుల పాదం ఆడలేదు.

“పోలండాయన కాదంటే ఊకున్నం గద లాస్యా. ముఖం గూడ తెల్వని మనిషిని బతిలాడి ఎనిమిది దినాలు ఎదురుచూసినం. ఇంట్ల మనిషిని ఒక్క మాట అడగలే. మనదే గద అనుకున్నం. మనది ఎట్లయితదే?”

లాస్య అప్పటికే తన ముచ్చట్లన్నింట్లోంచి రాగం తీసేసింది. సైటులోంచీ తీసేసింది. కానీ ఈలోపు ఐదుగురు దాన్ని తీసుకుని తమ వీడియోల్లో వాడుకున్నారు. వాళ్లకిచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవడం కుదరదని ఆ సైటు షరతుల్లో స్పష్టంగా ఉంది. మంజుల మిషన్ మీద గుడ్డ కప్పి లేచింది. “షరతులు గాడనే ఉండనియ్. పోయి అడుగుదాం పా.”

ముందు మిర్యాలగూడ పోయారు. కోదాడ ఫంక్షన్ వీడియో చేసిన మణిదీప్ స్టూడియో బస్టాండుకు దగ్గర్లోనే ఉంది. వీళ్లు వచ్చిన పని చెప్పగానే అతను కంప్యూటర్లో లైసెన్సు తెరిచి చూపించాడు.

“మేడం, నేను దొంగతనం చెయ్యలే. అన్నీ సదివే తీసుకున్న. వీడియో ఆఖరుకు మీ పేరు గూడ ఏసిన. ఒక్కసారి ఇచ్చినంక మల్ల వద్దంటే ఎట్ల?”

“తప్పు నీది కాదు బిడ్డా” అంది మంజుల. “పర్మిషన్ ఇచ్చింది మేము. ఇచ్చే హక్కు మాకు లేకుండె. ఆ రాగం ఒక తల్లి సచ్చిపోయిన పిల్లతోని మాట్లాడే మాట.”

పోచమ్మ సంగతి అంతా చెప్పింది. మణిదీప్ మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. కాసేపటికి వీడియోలోంచి ఆ రాగాన్ని తీసేసి, గోవర్ధన్‌కు తానే ఫోన్ చేసి మార్చిన వీడియో పంపుతానన్నాడు. ఆ ఐదుగురిలో తనకు తెలిసిన ఇద్దరి చేతా తీయించాడు. మిగిలిన ఇద్దరికి లాస్య ఎన్ని మెసేజ్‌లు పెట్టినా జవాబు లేదు.

ఇంటికి రాగానే మంజుల అత్తగారి పక్కన నేల మీద కూర్చుంది. దాచాలనుకుంటే దాచవచ్చు, బాలమ్మకు తెలిసే దారే లేదు. మంజుల దాచలేదు.

“మూడు తీయించినం అత్తమ్మా. రెండు మాతోని కాలే. అవి గట్లనే ఉంటయ్. మాఫ్ చెయ్యమని అడగనీకె గూడ నాకు మొఖం లేదు.”

బాలమ్మ చేతిలోని చాట పక్కన పెట్టింది. “ఆ రెండు ఇనేటోళ్లకు అది ఎవరి కోసం తీసిన రాగమో తెలుస్తదా?”

“తెల్వది అత్తమ్మా.”

“మొన్నటిదాక మీకు గూడ తెల్వదు.” ఆమె తనలో తాను తలాడించుకుంది. “తప్పు నాది గూడ ఉన్నది. ఇన్నేండ్లు దాని పేరు నేనే బయట పెట్టకపోతి. లాస్యా, రాగం మల్ల ఎక్కడ పెట్టకు. అది నాది.”

“పెట్టను నానమ్మా.”

“కని పేరు చెప్త. నువ్వు అందరి ముచ్చట్లు పెడ్తవు గద. నా బిడ్డ ముచ్చట పెడ్తవా?”

లాస్య ఫోన్ తీసింది. మీట నొక్కబోయి ఆగిపోయింది. “రికార్డు చెయ్యాల్నా నానమ్మా?”

“ఆగు.” బాలమ్మ కొంగు సర్దుకుని, నుదుటి మీది జుట్టు వెనక్కి దువ్వుకుంది. “ఆఁ, ఇప్పుడు చెయ్.”

“నా పేరు బాలమ్మ. నా పెద్ద బిడ్డ పేరు పోచమ్మ. హాలియా కాడ నాట్లకు పోయిననాడు జెరమొచ్చి పోయింది.” అక్కడ ఆగింది. మంజుల ఆమె చెయ్యి పట్టుకుంది. బాలమ్మ ఆ చేతిని విడిపించుకోలేదు. ఫోన్ వైపు కాసేపు చూసి, గొంతు తగ్గించి కోడలిని అడిగింది. “దానికి కాల్చిన మక్కకంకంటే పాణం. తినుకుంట తినుకుంట నల్ల మూతితోనే పండుకునేది. గది గూడ చెప్పొచ్చా?”

మంజులకు ఏడుపు ఆగలేదు. “చెప్పు అత్తమ్మా” అంది. “అన్నీ చెప్పు.”