పసుపు తిరిగిన గాజు

"ఈ అద్దంలో నా ముఖం కనిపిస్తోందండీ. నాకిది పనికిరాదు."

మా అద్దాల దుకాణంలో ఇలాంటి ఫిర్యాదు ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. గాజుకు వెండి పూత పూయడంలో మా నాన్నకు తిరుగులేదు. ఆ చెయ్యి నాకూ వచ్చిందని నాకు కాస్త పొగరు. అలాంటిది, వేలెడంత గాజుపలకలకు పూత వేయించుకున్న ల్యాబ్ అమ్మాయి, సోమవారం పొద్దున్నే వచ్చి వెనక్కి ఇచ్చేస్తుందా?

"ముఖం కనిపించకపోతే దాన్ని అద్దం అనరు మేడమ్," అన్నాను.

"నాక్కావాల్సింది అద్దం కాదుగా. వెండి చుక్కలు చుక్కలుగా, విడివిడిగా ఉండాలి."

"అంటే చెడగొట్టమంటారు."

"అలాగే అనుకోండి," అని నవ్వింది. వానకు తడిసిన ముంగురులు వెనక్కి తోసుకుంటూ విషయం చెప్పింది. గుండెజబ్బును రక్తంలో ముందే పసిగట్టే పరీక్ష ఆమెది. జబ్బు జాడ ఉంటే అందులో కలిపిన రంగు మందు వెలుగుతుంది. ఆ వెలుగు మరీ తక్కువ. వెండి చుక్కల దగ్గరైతే అదే వెలుగు ఎన్నో రెట్లు పెరుగుతుంది. శుక్రవారం లోపు చూపించలేకపోతే మూడేళ్ల పని మూసెయ్యమన్నాడట ల్యాబ్ పెద్దసారు.

ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వలేదు. నేను అప్పుడే పడిపోయాను, దాచడమెందుకు.

బుధవారం దాకా చెడగొట్టడానికి నానా తంటాలు పడ్డాను. చెయ్యి మాట వినదే. ప్రతిసారీ తళతళలాడే అద్దమే. సాయంత్రం ఆమె వచ్చేది, చూసేది, "అబ్బ, ఎంత బాగుందో" అని నిట్టూర్చేది. పొగిడితే ఏడుపు రావడం నాకదే మొదలు.

గురువారం నాన్నకు చెప్పక తప్పలేదు. మచ్చపడ్డ గాజును గుమ్మం దాటనివ్వని మనిషి. తిడతాడనుకున్నాను.

"వెండి పట్టే ముందు గాజు పసుపు తిరుగుతుంది చూడు, అప్పుడే తీసెయ్. అప్పటికింకా చుక్కలే," అన్నాడు. "ఇంతకీ ఆ అమ్మాయికి టీ అయినా ఇచ్చావా?"

శుక్రవారం ల్యాబ్‌లో నాన్నా నేనూ గోడవారగా నిలబడ్డాం. మామూలు గాజు మీద వేసిన రక్తం నమూనా తెర మీద చీకటిగానే ఉంది. మా పసుపు గాజు మీద వేసిన అదే నమూనా మాత్రం ధగధగా వెలిగింది. పెద్దసారు కుర్చీలోంచి లేచి మళ్లీ చెయ్యమన్నాడు. మళ్లీ వెలిగింది. అంత గర్వంగా నేనెప్పుడూ నిలబడలేదు.

"ఈ పని ఆపొద్దు," అన్నాడాయన. "ఈ పూత ఎవరిది?"

ఆమె నన్ను ముందుకు లాగింది. "ఈయనది సార్. ఈయన మా... ఈయన..." ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

నాన్న ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు.

"మావాడండీ. ఈ అమ్మాయి మాకు కాబోయే కోడలు."

నేనింకా ఆమెను ఒక్క ముక్క కూడా అడగలేదు.

ఆమె నా వైపు చూసింది, తర్వాత నాన్న వైపు తిరిగింది.

"మీ అబ్బాయి అడుగుతాడేమోనని నాలుగు రోజులుగా చూస్తున్నాను మావయ్యా," అంది. "మీరే నయం."