మొహం కోసం వచ్చినవాడు

డాన్యూబ్ ఒడ్డున మా ఊళ్లో అక్కా నేనూ రొట్టెల కొట్టు నడుపుతున్నాం. ఆ మధ్యాహ్నం పొగమంచు కిటికీ అద్దాలదాకా వచ్చి ఆగింది. పొయ్యిలో జున్ను రొట్టెలు కాలుతున్న కమ్మటి వాసన.

మా అక్క వెలిచ్కా ఏడాదిపాటు ఫోన్లో మెసేజ్‌లు రాసుకుంటూ ఒకణ్ణి ప్రేమించింది. పేరు కమెన్, పడవ నడుపుతానని చెప్పి ఫొటో పంపాడు. ఆ ఫొటోలోని మనిషి ఎప్పుడో నదిలో మునిగి చచ్చాడనీ, ఎవడో అతని మొహం పెట్టుకుని అక్కని ఆడించాడనీ టీవీవాళ్లు బయటపెట్టారు. అంతే, అక్క ఊరందరికీ నవ్వులాటైపోయింది.

"ఏమ్మా వెలిచ్కా, పెళ్లికొడుకు ఈదుకుంటూ వస్తున్నాడా?" రొట్టె కోసం వచ్చిన మాంసం కొట్టు రంగెల్ ఇకిలించాడు.

"చదువుకున్నదానివి, ఆమాత్రం తెలీదుటే?" అంది పోస్టాఫీసు పెన్కా వదిన.

అక్క పిండి పిసుకుతూనే ఉంది. "నిన్న మళ్లీ రాశాడు. ఇవాళ వస్తున్నాడట."

"నిన్నా? నిన్న నేనేం రాయలేదే!"

అనేసి రంగెల్ నోరు మూసుకున్నాడు. అందరం అతనివైపు తిరిగాం. అప్పుడే దీపాలు ఆరిపోయాయి.

కుళ్లిన నాచు వాసన... తడి బూట్ల చప్పుడు... తలుపు దానంతటదే తెరుచుకుంది.

నీళ్లోడుతున్న కోటు. దానిపైన తల. మొహం లేదు. కళ్లు లేవు. ముక్కు లేదు. పిండిముద్దలా నున్నగా...

"నా మొహం... ఎవరు తీశారు?"

అక్క పిండి చేత్తో రంగెల్‌ని చూపించింది.

"సరదాకి... ఒట్టు, సరదాకి చేశాను!" రంగెల్ వెనక్కి జరిగి గోడకి తగిలాడు.

వచ్చినవాడి వేళ్లు రంగెల్ గడ్డం కింద దిగాయి. తడిగుడ్డ చింపినట్టు చప్పుడు. రక్తం రొట్టెల మీద, పెన్కా వదిన జుట్టులో, నా పెదాల మీద... ఉప్పగా. రంగెల్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు. పెదాలు లేకుండా.

రంగెల్ పిండి కలిపే యంత్రంలో పడి చచ్చాడని పోలీసులు తేల్చారు. కళ్లారా చూశామని చెబితే, "ఇంతమంది ఒకేసారి ఎలా మోసపోయారమ్మా?" అన్నారు. ఊరు మళ్లీ నవ్వింది. ఈసారి మమ్మల్ని చూసి.

అక్క కొట్టుకి రావడం మానేసింది. నిన్న ఇంటికెళ్లి చూస్తే బల్ల మీద రెండు కప్పుల కాఫీ పొగలు కక్కుతోంది.

"ఎవరొచ్చారక్కా?"

"ష్... మెల్లగా. ఇప్పుడే పడుకున్నాడు."

లోపలి గదిలోంచి నన్నెవరో పిలిచారు. ముద్దుగా, నా చిన్నప్పటి పేరుతో.

అది చచ్చిపోయిన మా అమ్మ గొంతు.